పెళ్లి డీవీడీ కాపీలో అవ్వ మాట వినిపించడం లేదు

ప్రశ్న: మాది తిరుపతి. 2009లో తిరుచానూరులో జరిగిన మా అక్క పెళ్లి డీవీడీని హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఎంపీ4గా మార్చాను. బొమ్మ బాగుంది. సౌండే కంప్యూటర్‌లో సన్నగా వస్తోంది, టీవీకి పెన్‌డ్రైవ్ పెడితే అసలు రావడం లేదు. తలంబ్రాలప్పుడు మా అవ్వ అక్క చెవి దగ్గర వంగి "మెల్లగా పొయ్యి తల్లీ" అంటుంది. అవ్వ ఇప్పుడు లేదు. ఆ ఒక్క మాట కోసమే ఇదంతా. డిస్క్ మీద గీతలు కూడా పడ్డాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు డిస్క్ మొత్తాన్ని హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించుకోండి, మిగతాది నిదానంగా చూసుకోవచ్చు. హ్యాండ్‌బ్రేక్ ఆడియో ట్యాబ్‌లో ఏసీ3 (డీవీడీల్లో వాడే డాల్బీ ఆడియో) పాస్‌త్రూ, అంటే సౌండ్‌ను మార్చకుండా ఉన్నదున్నట్టు పంపే ఆప్షన్, ఉందేమో చూడండి. కొన్ని టీవీలు ఏసీ3ని పలికించవు. ఏఏసీ అనే ఆడియో రకానికి, స్టీరియోకి మార్చండి.

చిత్తూరు నుంచి: పాస్‌త్రూలో ఉంటే గెయిన్ (సౌండ్ పెంచే సెట్టింగ్) పెంచినా ఫలితం ఉండదమ్మా. ఏఏసీకి మార్చాక గెయిన్ 6 డెసిబెల్స్ పెట్టు. డిస్క్‌లో ఉన్నది ఏసీ3 అయితే డీఆర్‌సీ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడాను తగ్గించే సెట్టింగ్) 2 పెట్టి చూడు, మేళం హోరు అణిగి మెల్లటి మాటలు పైకి తేలతాయి. గెయిన్ మరీ పెంచితే గొంతు పగిలినట్టు వస్తుంది. ముందు ఆ చాప్టర్ ఒక్కటే మార్చి విను.

మళ్లీ నేను: అన్నా, వచ్చింది! నాదస్వరం వెనక్కి పోయి "తల్లీ" అన్నది స్పష్టంగా వినిపించింది. వెంటనే అక్కకు ఫోన్ చేసి స్పీకర్ దగ్గర పెట్టాను.