అమ్మకు తలలో అన్యూరిజం, కాయిల్ స్టడీలో చేరమంటున్నారు. ఒప్పుకోవాలా?

హనుమకొండ_పిల్ల:
అందరికీ నమస్తే. మాది హనుమకొండ. అమ్మకు 56 ఏళ్ళు, బీపీ ఉంది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర కళ్ళు తిరుగుతున్నాయని కూర్చుండిపోయింది. ఇక్కడే స్కానింగ్ తీస్తే మెదడు రక్తనాళం మీద బుడగలా ఉబ్బింది, అన్యూరిజం అన్నారు. పగల్లేదు. హైదరాబాద్ తీసుకుపోయి డీఎస్ఏ (రక్తనాళాల్లోకి మందు పంపి తీసే ఎక్స్‌రే) చేయించాం, పీకామ్ అనే మెదడు రక్తనాళం దగ్గర 7 మిల్లీమీటర్లు అని రిపోర్టులో ఉంది. తల తెరవకుండా తొడ దగ్గరి నుంచి వైరు పంపి కాయిల్ పెట్టొచ్చట, అక్కడే ఒక స్టడీ కూడా నడుస్తోందట. మామూలు ప్లాటినం కాయిలా, జెల్ పూత ఉన్న కాయిలా అన్నది కంప్యూటరే నిర్ణయిస్తుందని చెప్పి ఒక కాగితాల కట్ట చేతిలో పెట్టారు.

పరిశోధన అనే మాట వినగానే అమ్మ "నేనేమన్న కోతినా, నా తలకాయల పరీక్షలు చేస్తరా" అని అన్నం కూడా సరిగా తినలేదు. కరీంనగర్ అక్కేమో తల తెరిచి ఆపరేషన్ చేయించి బుడగ మొదట్లో క్లిప్ వేయిస్తే ఒక్కసారితో అయిపోతుంది అంటోంది. గురువారం మళ్ళీ వెళ్ళాలి. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

క్యాథ్‌ల్యాబ్_సిస్టర్:
చెల్లీ, ముందు అమ్మకు కాయిల్ అంటే ఏంటో చెప్పు, సగం భయం అక్కడే పోతుంది. నేను రోజూ చూసేదే. ప్యాకెట్‌లోంచి తీస్తే సన్నని వెండి దారంలా ఉంటుంది. కాథెటర్ అనే సన్నని గొట్టం చివరి నుంచి బుడగలోకి వెళ్ళగానే దానంతట అదే చుట్టలు చుట్టుకుంటుంది, దారపు ఉండ లాగ. సరిగ్గా కుదరకపోతే వెనక్కి లాగి మళ్ళీ పెడతారు, కుదిరిందనుకున్నాకే చిన్న కరెంటు ఇచ్చి వైరు నుంచి విడదీస్తారు. వెనక్కి తీసుకునే ఈ వీలే దీంట్లో అసలు గొప్ప. కనిపెట్టింది గూలియెల్మి అనే ఇటలీ డాక్టరు, 1990లో అమెరికాలో మొదటి రోగికి పెట్టారు, 1995లో అక్కడి ప్రభుత్వ మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. అంటే కాయిల్ పెట్టడమే కొత్త ప్రయోగం కాదు, మీ అమ్మ విషయంలో కొత్తగా చూసేది ఏ రకం కాయిల్ అన్నదే.

బుడగ మొత్తం లోహంతో నిండదు, నాలుగో వంతు అటూ ఇటూ నిండుతుంది, మిగతా చోట రక్తం గడ్డకట్టి లోపలికి ప్రవాహం ఆగిపోతుంది. రిస్క్ లేదని మాత్రం అనను, చేస్తుండగా బుడగ పగలడం, గడ్డ జారి పక్షవాతం రావడం అరుదుగానైనా జరుగుతాయి. డాక్టర్‌ను సూటిగా అడగండి, ఇలాంటి చోట ఉన్నవి మీరు ఎన్ని చేశారు, ఎంతమందికి ఇబ్బంది అయింది అని. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరైతే ఇంకో డాక్టర్‌కు చూపించండి.

మంచిర్యాల_అన్న:
మా బాపుకు పగిలాకే తెలిసింది. పొలం దగ్గర తల పట్టుకొని పడిపోయిండు. ఒక ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు నాతో ఏడెనిమిది చోట్ల సంతకాలు పెట్టించుకున్నారు, ఏది దేనికో ఒక్కరు కూడా చెప్పలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. కాయిల్ పెట్టారు, తర్వాత 21 రోజులు నాలుగు గంటలకోసారి మెదడుకు రక్తం తగ్గకుండా నిమోడిపిన్ గోళీ, అర్ధరాత్రి కూడా అలారం పెట్టుకొని లేపి వేసేవాళ్ళం. బాపు బతికిండు, ఇప్పుడు బర్రెలను కూడా చూసుకుంటుండు.

అయితే ఆరు నెలల తర్వాత మళ్ళీ ఆంజియోగ్రామ్ చేస్తే బుడగ మెడ దగ్గర కొంచెం తెరుచుకుంది, రెండోసారి కాయిల్ పెట్టాల్సి వచ్చింది. ఈ సంగతి మాకు ముందు ఎవరూ చెప్పలేదు. మీరు మాత్రం తర్వాతి స్కాన్లకు, రెండోసారి అవసరమైతే దానికి డబ్బు ఎవరు పెడతారో ఇప్పుడే రాయించుకోండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే అక్కడి ఆరోగ్యమిత్రను కూడా కలవండి.

ట్రయల్_కోఆర్డినేటర్:
క్లినికల్ ట్రయల్స్‌లో పనిచేస్తాను. అమ్మగారు అడిగింది తప్పు ప్రశ్న కాదు, ఆమెకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆ టీమ్‌ది.

మీరు రెండు విషయాలను విడదీయాలి. వైద్యం వేరు, స్టడీ వేరు, రెండింటికీ వేర్వేరు సంతకాలు. మొదట స్టడీ పక్కనపెట్టి, "అసలు దీనికి ఇప్పుడు వైద్యం కావాలా, చూస్తూ ఆగొచ్చా" అని అడగండి. పగలని చిన్న బుడగలు చాలామందిలో ఏమీ చేయకుండా ఉండిపోతాయి, కానీ సైజు, అది ఉన్న చోటు, బీపీ, సిగరెట్, కుటుంబంలో ఇంకెవరికైనా ఉందా అన్నవి లెక్కలోకి వస్తాయి. పీకామ్‌లో 7 మిల్లీమీటర్లంటే చాలామంది డాక్టర్లు తీవ్రంగానే తీసుకుంటారు. వైద్యం కావాలని తేలాకే స్టడీ మాట.

అక్కగారి మాటలో కూడా నిజముంది, క్లిప్ వేస్తే మళ్ళీ వైద్యం అవసరం తక్కువ. అయితే కాయిల్‌ను, క్లిప్ ఆపరేషన్‌ను పోల్చి 2002లో వచ్చిన ఐశాట్ అనే పెద్ద ట్రయల్‌లో 2143 మంది ఉన్నారు, ఏడాది తర్వాత చనిపోయినవాళ్ళు, ఇతరుల మీద ఆధారపడ్డవాళ్ళు కలిపి కాయిల్ వైపు 23.7 శాతం, ఆపరేషన్ వైపు 30.6 శాతం. కానీ అవన్నీ పగిలిన కేసులు, ఆ అంకెలను అమ్మగారికి అతికించొద్దు. జెల్ పూత కాయిల్స్ మీద 499 మందితో హెల్ప్స్ అనే ట్రయల్ జరిగి 2011లో ఫలితాలు వచ్చాయి, బుడగ మళ్ళీ తెరుచుకోవడం తగ్గింది గానీ మనుషుల ఆరోగ్యంలో అంత స్పష్టమైన తేడా కనిపించలేదు. ఇంకా స్టడీలు చేస్తున్నది అందుకే.

ఆ కాగితాలు తెలుగులో ఇమ్మని అడగండి, అది మీ హక్కు. అందులో సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ జాబితా) నంబరు ఉండాలి, ఆ సైట్‌లో కొట్టి చూస్తే స్టడీ వివరాలు కనిపిస్తాయి. స్టడీలో చేరినవాళ్ళ హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉండాలి. స్టడీ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఎలా అన్నది రాసి ఉండాలి. వద్దన్నా మామూలు వైద్యం ఆగకూడదు, చేరాక కూడా ఎప్పుడైనా బయటికి రావచ్చు. "ఈరోజే చెప్పాలి" అని తొందరపెడితే ఒప్పుకోవద్దు.

హనుమకొండ_పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. మంచిర్యాల అన్నా, బాపు గురించి చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిస్టర్ అక్క చెప్పిన దారపు ఉండ మాట అమ్మకు చెప్తే, ఊలు అల్లే సంచిలోంచి ఒక ఉండ తీసి చేతిలో తిప్పుతూ చాలాసేపు చూసింది. తర్వాత "ఇంత సన్నగ ఉంటదా" అని అడిగి అన్నం తిన్నది. తెలుగు కాగితాలు గురువారం ఇస్తామన్నారు. నంబరు సైట్‌లో చూశాం, ఉంది. ప్రశ్నలు నోట్‌బుక్‌లో రాశాను, అమ్మే అడుగుతానంటోంది. ఈలోపు ఇంట్లో ఏం జాగ్రత్తలు?

క్యాథ్‌ల్యాబ్_సిస్టర్:
బీపీ గోళీ ఒక్క పూట కూడా తప్పొద్దు. ఒకవైపు కనురెప్ప వాలిపోయినా, ఒక్క వస్తువు రెండుగా కనిపించినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా గురువారం దాకా ఆగకండి, ఏ టైమైనా సరే 108కి ఫోన్ చేయండి. డీఎస్ఏ సీడీ ఇప్పుడే బ్యాగులో పెట్టుకో, తీరా బయల్దేరేటప్పుడు అదే మర్చిపోతారు.