వికర్షణలో ఉన్నది లాగడమా, తోయడమా?

సభ్యులకు నమస్కారం. చీపురుపల్లి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మొన్న రెండు దండాయస్కాంతాల ఉత్తర ధ్రువాలను ఎదురెదురుగా పెట్టి చూపినప్పుడు ఒక పిల్లవాడు "టీచరుగారూ, ఇవి తన్నుకుంటన్నాయండి" అన్నాడు. అలా కాదు, వికర్షించుకొంటున్నాయి అనాలని దిద్దాను గాని, దిద్దిన తరువాత నాకే సందేహం పట్టుకొంది. కర్షణ అంటే లాగడం, ఆకర్షణ అంటే తనవైపు లాగడం అయినప్పుడు, ఒకదానినొకటి తోసుకొనే పనికి వికర్షణ అన్న పేరు ఎలా కుదిరింది? అలాగే "ఆకర్షిస్తాయి" అని రాయించాలా, "ఆకర్షించుకొంటాయి" అని రాయించాలా? రెండు రూపాలూ పుస్తకాలలో కనిపిస్తున్నాయి.

*

అమ్మా, విజయనగరం నుండి రాస్తున్నాను. తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాణ్ణి కనుక శాస్త్రం వైపు ఎక్కడైనా తప్పటడుగు వేస్తే దిద్దండి.

మీ సందేహం సరైనదే. కృషి, కర్షకుడు అన్న మాటలకు మూలమైన 'కృష్' ధాతువులోనే లాగడం, దున్నడం ఉన్నాయి. దేవకి గర్భం నుండి రోహిణి గర్భానికి లాగబడ్డాడు కనుకనే బలరాముడు సంకర్షణుడయ్యాడు. సంస్కృతంలో వికర్షణం అంటే విడిపోయేలా లాగడం. వింటినారిని వెనక్కి లాగడానికి కూడా ఆ మాట వాడారు. కాబట్టి ధాతువును పట్టుకొని చూస్తే వికర్షణలో తోపు లేదు, వేరుచేసే 'వి' మాత్రమే ఉంది. హిందీ పాఠ్యపుస్తకాలలోని ప్రతికర్షణకూ మూలం అదే కనుక, అక్కడి నుండి అరువు తెచ్చుకొన్నా చిక్కు విడిపోదు.

నన్ను అంతకన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటి. లాగడానికి మనకు ఎన్ని పాత మాటలున్నాయో చూడండి. సూది అంటుకొనే రాయి కనుక సూదంటురాయి. ఇనుముకు ప్రియమైనది కనుక అయస్కాంతం. రుద్దితే గడ్డిపరకను పట్టే మణి కనుక తృణమణి (ఆంబర్). ప్రాచీన దర్శన గ్రంథమైన వైశేషిక సూత్రాలలో సూది కదిలి వెళ్ళడాన్ని 'సూచ్యభిసర్పణం' అన్నారు, అంటే అక్కడా సూదే. ఇన్నింటిలో ఒక్కటైనా తోయడాన్ని చెప్పదు. కారణం ఊహించడం కష్టం కాదు: ఒక రాయీ ఒక సూదీ ఉంటే కనిపించేది ఆకర్షణ ఒక్కటే, వికర్షణ కంటపడాలంటే రెండు అయస్కాంతాలు చేతిలో ఉండాలి. విద్యుత్తు విషయంలోనూ అంతే. 1600లో అయస్కాంతాల మీద గొప్ప గ్రంథం రాసిన గిల్బర్టు, రుద్దిన తృణమణి లాగుతుందే తప్ప తోయదని నమ్మాడు. విద్యుత్తు రెండు రకాలని, ఒకే రకం కలవి దూరంగా జరుగుతాయని, వేర్వేరు రకాలవి దగ్గరవుతాయని ఫ్రాన్సులో డూఫే చెప్పింది 1733లో. ఆలస్యంగా తెలిసిన సంగతికి పేరు ఆకర్షణను చూసి అచ్చు పోసినట్టు కనిపిస్తుంది, అందుకే అందులో 'లాగడం' మిగిలిపోయింది. వాడుకలో స్థిరపడిన మాటను ధాతువు పేరు చెప్పి మార్చడం నాకు ఇష్టం లేదు.

ఇక 'కొను' సంగతి. వండుకొను అన్నప్పుడు అది తనకోసం, కొట్టుకొను అన్నప్పుడు అది ఒకరినొకరు. "అయస్కాంతం మేకును ఆకర్షించుకొంటుంది" అంటే తన కోసం దాచుకొన్నట్టు వినిపిస్తుంది కనుక అక్కడ "ఆకర్షిస్తుంది" చాలు. "విజాతి ధ్రువాలు" అని బహువచనం వచ్చినప్పుడు మాత్రం "ఆకర్షించుకొంటాయి" అనే రాయించండి, ఎందుకంటే అక్కడ పని రెండువైపులా జరుగుతోంది. నిజానికి మేకు కూడా అంతే బలంతో అయస్కాంతాన్ని లాగుతుందట. నీళ్ళ తొట్టెలో థర్మాకోల్ ముక్క మీద అయస్కాంతాన్ని తేల్చి, మేకును చేత్తో పట్టుకొంటే, ఈసారి కదిలేది అయస్కాంతమే. మీ పిల్లవాడు "తన్నుకుంటన్నాయి" అన్నాడంటే ఆ 'కొను' వాడికి ముందే తెలుసు. మీరు దిద్దింది మాటను, వ్యాకరణాన్ని కాదు.

*

శ్రీకాకుళం నుండి ఒక మాట కలుపుతున్నాను. కళింగపట్నం తీరంలో ఇసుక మీద అయస్కాంతాన్ని ఈడ్చితే నల్ల రేణువులు దానికి అంటుకొని వస్తాయి. అవి అంటుకొన్నాయి కనుక అవి కూడా అయస్కాంతాలే అని పిల్లలు చెబుతారు, అది తప్పు. దువ్వెనకు అంటుకొన్న కాగితం ముక్కకు ఏ విద్యుదావేశమూ లేకపోయినట్టే, అయస్కాంతానికి అంటుకొన్న మేకు అంతకు ముందు అయస్కాంతం కానక్కరలేదు. ఎదుటిది అయస్కాంతమేనని, లేదా ఆవేశం ఉన్నదేనని తేల్చి చెప్పేది వికర్షణ ఒక్కటే. పండితుల వారు చెప్పిన ఆలస్యపు మాటకు ఇంత అధికారం ఉండడం విశేషమే. అదే అయస్కాంతం కొసన నిక్కబొడుచుకొన్న రేణువుల పోగులను దగ్గరగా చూడండి: అన్నీ అయస్కాంతాన్ని పట్టుకొని ఉంటాయి గాని, వాటి చివరలు ఒకే ధ్రువమై ఒకదానికొకటి ఎడంగా విచ్చుకొంటాయి. ఆకర్షణా వికర్షణా ఒకేచోట చూపించడానికి గుప్పెడు ఇసుక చాలు. అయినా నాకు వికర్షణకన్నా 'తోపుడు' అన్నదే నచ్చుతుంది.

*

తోపుడు మంచి మాటే గాని, విజయనగరంలో మా గంటస్తంభం దగ్గర ఆ మాట అంటే అందరూ అరటిపళ్ళ బండి కోసం చూస్తారు.

*

ఇద్దరికీ ధన్యవాదాలు. రేపు నల్లబల్ల మీద "సజాతి ధ్రువాలు వికర్షించుకొంటాయి" అని రాసి, దాని పక్కన కుండలీకరణాలలో "తన్నుకొంటాయి" అని కూడా రాస్తాను. ఇసుక తెప్పించడానికి మాత్రం ఆదివారం దాకా ఆగాలి.