ఉగాదికి ముందు ఇల్లు దులుపుడు: యాసిడ్ ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు?

మూలాపేట_కోడలు:
ఈసారి (2026లో) ఉగాది మార్చి 19. మాది నెల్లూరు మూలాపేటలో పాత మిద్దె. ముందు గదుల్లో కడప బండలు, వంటింట్లో గ్రానైట్ గట్టు, వెనక బాత్రూములో టైల్స్. సంక్రాంతికే దులపాలని మా అత్తగారు పట్టుబట్టారు గానీ, అప్పటికి గోడల చెమ్మ ఆరలేదని నేనే ఆపాను. ఇప్పుడు అటక దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. పనికి మాట్లాడిన మనిషి "ఒక క్యాను యాసిడ్ తెచ్చిపెట్టండమ్మా, ఇల్లంతా తళతళలాడిస్తా" అంటున్నాడు. ఇవ్వొచ్చా? అటక మీద ఇత్తడి గంగాళాలు, మామగారి పుస్తకాలు, ఇంకా ఏమేం ఉన్నాయో దేవుడికే తెలియాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఒంగోలు_గిత్త:
యాసిడ్ క్యాను దాచిపెట్టక్కా ముందు.

చీమకుర్తి_బండ:
నేను పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాను. రోజూ రాళ్ళతోనే బతుకు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపు రాయే. యాసిడ్ పడితే రాయి పైపొర కరిగిపోతుంది. మురికి పోయినట్టు కనిపించేది అందుకే. ఆరాక చూస్తే బండ పాలిపోయి, చేత్తో తడిమితే గరుకుగా ఉంటుంది. ఆ మచ్చ తుడిస్తే పోదు, మళ్ళీ మిషన్ పెట్టి పాలిష్ చేయించాల్సిందే. నిమ్మకాయ, వెనిగర్, చింతపండు నీళ్ళు కూడా యాసిడ్ కిందికే వస్తాయి, కాకపోతే నెమ్మదిగా తింటాయి. అనుమానముంటే మిగిలిపోయిన బండ ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి. బుసబుసా నురగ వస్తే సున్నపు రాయని అర్థం.

మీ వంటింటి గట్టులాంటి గ్రానైట్, మా చీమకుర్తి గెలాక్సీ రాయి లాంటిది, అట్లా నురగ కక్కదు. అయినా దాని మీద కూడా బాత్రూము యాసిడ్ పోయొద్దు. రాయికేమీ కాలేదనిపించినా మెరుపు చచ్చిపోతుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ కొంచెం కలిపి తుడిచి, వెంటనే పొడిగుడ్డ పట్టండి. బోరు నీళ్ళు వాటంతటవే ఆరితే తెల్ల చారలు పడతాయి. చాలా ఇళ్ళలో రాయి పాడైపోయిందని గోల పెట్టేది ఆ ఉప్పు చూసే.

కడప బండలకి కూడా ఇదే పద్ధతి. నూనె మరక ఉంటే సున్నం పొడి గానీ ముగ్గుపిండి గానీ తడిపి దట్టంగా పట్టించి, రాత్రంతా ఉంచి పొద్దున ఊడ్చేయండి. చాలావరకు లాగేస్తుంది.

మూలాపేట_కోడలు:
అన్నా, బాత్రూము టైల్స్, కుళాయిల మీద గట్టిగా కట్టిన ఉప్పు మాటేంటి మరి?

చీమకుర్తి_బండ:
టైల్స్‌కి, స్టీలు కుళాయిలకి నిమ్మ ఉప్పు చాలు. వేడి నీళ్ళలో కలిపి, గుడ్డ తడిపి కుళాయికి చుట్టి ఉంచితే ఉప్పు మెత్తబడుతుంది. తర్వాత కడిగేయడమే. ఆ నీళ్ళు గడప దాటి కడప బండల మీదికి రాకుండా మాత్రం చూసుకోండి.

రిటైర్డ్_హెల్త్_అసిస్టెంట్:
అమ్మా, ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. బ్లీచింగ్ పౌడరూ బాత్రూము యాసిడూ ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. పాచి పోవాలని మొదట బ్లీచింగ్ చల్లి, దాని మీదే యాసిడ్ పోస్తుంటారు. అందులోంచి వచ్చేది క్లోరిన్ వాయువు. మూసిన బాత్రూములో అది ఊపిరితిత్తులకు ప్రమాదం. పనిమనిషికి కూడా ముందే చెప్పండి, అతనికి తెలియకపోవచ్చు. ఒకటి వాడిన రోజు రెండోది ముట్టుకోవద్దు.

మిద్దె మీది ట్యాంకు కూడా ఈ పనుల్లోనే కడిగించుకోండి. అడుగున మడ్డి తీసి, పొరకతో గోడలు రుద్ది, కడిగిన నీళ్ళు పూర్తిగా వదిలేయాలి. మళ్ళీ నింపాక వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు చాలు. దాన్ని నేరుగా చల్లకుండా బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేరిన నీళ్ళే ట్యాంకులో పోయండి. గంటసేపు ఆగి వాడుకోవచ్చు. పౌడరు కొత్తగా ఉండాలి. మూత తీసి పెట్టిన పాత పొట్లంలో పసే ఉండదు.

పెన్నా_గట్టు:
గోడల సంగతికొస్తే, నెల్లూరోళ్ళకి సంక్రాంతి దులుపుడు సరిపడదని నా అభిప్రాయం. మన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మధ్యలో తుపాను వస్తే గోడ నిలువునా నానుతుంది. ఆ తడి మీద పండక్కని సున్నం కొడితే పెచ్చులూడక ఏమవుతుంది? ఉగాది నాటికి ఎండ ముదురుతుంది, గోడ ఆరుతుంది. మీరు చేసిందే కరెక్టు.

గోడ అడుగున తెల్లటి పొడి రాలుతుంటే నీళ్ళతో కడగకండి. నీళ్ళు తగిలితే ఆ ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చి, చేటలోకి ఎత్తి బయట పారేయండి. అట్లాంటి గోడకి ఆయిల్ పెయింట్ అస్సలొద్దు. లోపలి చెమ్మకి దారి లేక బుడగలు కడుతుంది. పాత మిద్దెకి సున్నమే మేలు.

మార్కాపురం_పలక:
అదంతా మీ కోస్తా గోల అన్నా. మా వైపు చెమ్మ అనే మాటే వినం. సంక్రాంతికి దులిపామంటే మళ్ళీ దసరా దాకా నిశ్చింత. మా బాధల్లా దుమ్ము. కిటికీ మెష్‌లు ఊడదీసి కడగందే ఇల్లు ఎన్నిసార్లు ఊడ్చినా దండగ.

కొత్తపట్నం_గాలి:
దుమ్మయితే దులిపితే పోతుంది తమ్ముడూ, ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. సముద్రం దగ్గరోళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం: కిటికీ గ్రిల్స్ ముందు మంచినీళ్ళ గుడ్డతో తుడవండి. ఉప్పు పోకుండా పైన రంగేస్తే కిందనుంచి తుప్పు మళ్ళీ లేస్తుంది. ఆరాక ఎమరీ పేపరుతో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఆరిన తర్వాతే రంగు.

కందుకూరు_అమ్మమ్మ:
అందరూ నేలా గోడలే చెప్తున్నారు, అటక మాటెత్తరే! అమ్మాయీ, ముందు అటక దించు. పైన దులిపిన బూజు కింద పడుతుంది కదా, నేల ఆఖరికి చూసుకోవచ్చు. సామాను దించేటప్పుడు గోడకి, అటక చెక్కకి సన్నటి మట్టి గీతలు ఉన్నాయేమో చూడు. ఉంటే చెదలు. మట్టి దులిపేస్తే చెద పోయినట్టు కాదు, అది ఎక్కడినుంచి పాకుతోందో పట్టుకుని మందు కొట్టించాలి. పుస్తకాలు ఒక్కొక్కటీ విప్పి నీడపట్టున గాలికి పెట్టు. నిట్టనిలువు ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుంది.

ఇక ఇత్తడి. గంగాళాలకి చింతపండు, ఉప్పు వేసి తోమి వెంటనే కడిగి తుడిచెయ్యి. పులుపు ఆరనిస్తే మళ్ళీ మచ్చలొస్తాయి. వంట గిన్నెలైతే లోపల కళాయి, అంటే తగరం పూత, ఉందో లేదో చూసుకో. కళాయి మీద ఇసుక, ఇనప పీచు పెట్టి తోమావంటే అది కాస్తా లేచిపోతుంది. కళాయి పోయిన ఇత్తడిలో పులుసు కాచకూడదు.

బీరువా కూడా సర్దుతావు కదా. వెంకటగిరి చీరలుంటే మడత మార్చి పెట్టు, ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంటే అక్కడే చిరుగుతాయి. కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు, జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచెలో చుట్టి పెట్టు, అంతే.

ఒంగోలు_గిత్త:
అమ్మమ్మా, అసలు చిక్కు దించడంలో లేదు. దించినవన్నీ "ఎప్పటికైనా పనికొస్తాయి" అని మళ్ళీ పైకెక్కుతాయి. మా ఇంట్లో చెడిపోయిన టేప్‌రికార్డరు ఏటా దిగుతుంది, ఏటా తుడిపించుకుని ఎక్కుతుంది. నాన్నగారు పారేయనివ్వరు.

కందుకూరు_అమ్మమ్మ:
ఉండనియ్యి నాయనా, అదేమన్నా అన్నం అడుగుతోందా! చిరిగిన బట్టలు, పగిలిన ప్లాస్టిక్ మాత్రం వదిలించుకోండి. ప్లాస్టిక్ తగలబెట్టొద్దు, పాత సామాను వాళ్ళకి వేసెయ్యండి.

మూలాపేట_కోడలు:
అందరికీ థ్యాంక్స్. యాసిడ్ తేవట్లేదు, నిమ్మ ఉప్పు తెచ్చా. రేపు అటక, ఎల్లుండి గోడలు, ఆపైన ట్యాంకు. అత్తగారికి అమ్మమ్మ గారి పోస్టు చదివి వినిపిస్తే పుస్తకాలు తనే ఆరబెడతానన్నారు. గంగాళాలు దించి చూశాం. రెండింటికి కళాయి పూర్తిగా పోయింది. నెల్లూరులో గానీ కావలి వైపు గానీ కళాయి వేసేవాళ్ళు ఇప్పటికీ తిరుగుతున్నారా?

పెన్నా_గట్టు:
వీధుల్లో తిరగడం తగ్గిపోయింది. ఇత్తడి సామాన్ల కొట్లలో అడగండి, వాళ్ళ దగ్గర ఇచ్చి వస్తే వేయించి పెడతారు. పండగ ముందు రద్దీగా ఉంటుంది, ఈ వారమే ఇచ్చేయండి.