ఎలుక గుండె ఎక్స్‌రే సినీ: ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఎందుకు తగ్గుతోంది?

బరంపురం: నమస్కారమండి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివినదాన్ని, రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఎలుకల ఎడమ జఠరికలోకి అయోడిన్ కాంట్రాస్టు (ఎక్స్‌రేలో రక్తం కనబడేలా చేసే మందు) ఎక్కించి ఎక్స్‌రే సినీ, అంటే కదిలే బొమ్మ, తీస్తున్నాం, సెకనుకు 30 ఫ్రేములు. ఏ జబ్బూ లేని ఎలుకలకు కూడా ఎజెక్షన్ ఫ్రాక్షన్ (జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు బయటికి పోయే వంతు) 50 శాతం దాటట్లేదు. మత్తుమందు ఎక్కువైందంటున్నారు మా గైడు గారు. అంతేనంటారా?

పర్లాకిమిడి (రిటైరైన పశువైద్యుణ్ణి): మత్తు సంగతి తర్వాత. గుండె ఎంత కొట్టుకుంటోందో చెప్పమ్మా.

బరంపురం: నిమిషానికి 360, మాష్టారూ.

పర్లాకిమిడి: అయితే దొంగ దొరికాడు. సెకనుకు 6 సార్లు కొట్టుకుంటే ఒక్కోదానికి నీకు దక్కేది 5 బొమ్మలే. బొమ్మకూ బొమ్మకూ మధ్య 33 మిల్లీసెకన్లు. గుండె బాగా ముడుచుకున్న క్షణం ఆ సందులో జారిపోతుంది. నిండినప్పుడు 400 మైక్రోలీటర్లు, ముడిచినప్పుడు 140 అనుకో: 65 శాతం. ఆ బొమ్మ తప్పి 200 దగ్గరది దొరికిందా, అదే ఎలుకకు 50! మా ఊరి పాత నారోగేజి బండినైతే ఏ కెమెరాతోనైనా తీసేవాళ్ళం గానీ, ఎలుక గుండెని కాదు.

ఈసీజీ చూసుకుని నాలుగైదు స్పందనల బొమ్మల్ని కలిపి పేర్చుకోవచ్చు. కాకపోతే సరిగ్గా 360 ఉంటే ప్రతిసారీ అవే 5 చోట్ల పడతాయి, ఎన్ని కలిపినా లాభం లేదు. ఇంకోటి: కాంట్రాస్టు తోసిన కుదుపుకి గుండె ఒకోసారి ముందుగానే కొట్టేస్తుంది. దాన్నీ వదిలెయ్, దాని వెనకాల వచ్చేదాన్నీ వదిలెయ్. వెనకది మరీ గట్టిగా ముడుచుకుని లెక్క పెంచేస్తుంది.

రాయగడ: నాదొక మాట. ఎజెక్షన్ ఫ్రాక్షన్ నిష్పత్తి కాబట్టి బొమ్మ కాస్త పెద్దదైనా ఫరవాలేదు. మైక్రోలీటర్లు రాయాలంటే మాత్రం గుండె ఎత్తులోనే, కొలత తెలిసిన చిన్న స్టీలు గుండు పెట్టి తీయండి. పొడవులో 5 శాతం తేడా ఘనపరిమాణంలో దాదాపు 16 శాతం అవుతుంది. మేం ఒక ఏడాది లెక్కలన్నీ మళ్ళీ చేశాం, ఆ పాపానికి.

బరంపురం: మా మిషన్‌లో 60 ఫ్రేముల సెట్టింగు ఉందట! ఇన్నాళ్ళూ ఎవరూ ముట్టుకోలేదు.

పర్లాకిమిడి: పెట్టు మరి, 10 బొమ్మలొస్తాయి. చాలుతాయనను, మెరుగు. ఎక్స్‌రే మోతాదు కూడా పెరుగుతుంది, లెడ్ ఏప్రాన్ మరవకు. మార్చేముందు ఎథిక్స్ కమిటీకి ఒక కాగితం పెట్టు.