సోలార్ ప్యానెల్‌కు తగిలిస్తే బొమ్మ ఫ్యాన్ తిరగడం లేదు

రెండో తరగతి పిల్లల చేత ఎండతో తిరిగే ఫ్యాన్ చేయిద్దామని చిన్న సోలార్ ప్యానెల్ కొన్నాను. వెనక 6 వోల్టులు, 100 మిల్లీయాంప్స్ అని ఉంది. మోటారు పాత బొమ్మ కారులోంచి తీసింది, 3 వోల్టులది. అట్టముక్కతో రెక్కలు పిల్లలే కత్తిరించారు.

ఉదయం 11 గంటలకు, మబ్బు లేని ఎండలో పెట్టినా కదల్లేదు. వేలితో తోస్తే అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. మల్టీమీటర్‌లో ప్యానెల్ ఒక్కదానికే 6.3 వోల్టులు చూపిస్తోంది, మోటారు తగిలించగానే 0.4కి పడిపోతోంది. అదే మోటారు రెండు పెన్సిల్ సెల్స్‌తో గిర్రున తిరుగుతోంది.

ప్యానెల్ తుడిచాను, సూర్యుడికి ఎదురుగా వంచాను, వైర్లు మార్చాను, రెక్కలు తీసేసి కూడా చూశాను. అలాంటిదే ఇంకో ప్యానెల్ తెచ్చి సిరీస్‌లో (ఒకదాని ప్లస్‌ను రెండోదాని మైనస్‌కు) కలిపితే వోల్టులు 12 దాటాయి గానీ మోటారు మాత్రం అలాగే ఉంది. కరెంటు చాలడం లేదేమో అని నా అనుమానం.

"టీచర్, ఎండ వచ్చింది, ఇవాళ తిరుగుతుందా?" అని పిల్లలు రోజూ అడుగుతున్నారు. సెల్స్ పెట్టి తిప్పి చూపించడం నాకు ఇష్టం లేదు. ఎండే తిప్పిందని వాళ్లు కళ్లారా చూడాలి.

ఈ రెండు ప్యానెళ్లను ప్యారలల్‌లో (ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్) కలిపితే ఈ మోటారుకు సరిపోతుందా, లేక తక్కువ కరెంటుతో తిరిగే వేరే మోటారు కొనాల్సిందేనా?