గురువుకి ఇల్లు రాసిస్తామంటున్న పెద్దవాళ్లు: చట్టం ఎంతవరకు అడ్డుపడుతుంది?

ప్రశ్న: గోదావరి గట్టు

ఆశ్రమమైనా, ప్రార్థనా మందిరమైనా, తాయెత్తులు కట్టే చోటైనా ఈ దోపిడీ నడిచే దారి ఒకటే. ముందు ఇంట్లో దోషం ఉందంటారు. పరిహారానికి వేలు అడుగుతారు, తర్వాత లక్షలు, చివరికి ఇల్లు. మధ్యలో "మీ పిల్లలకు విశ్వాసం లేదు, వాళ్లతో మాట్లాడకండి" అన్న ఉపదేశం. భక్తితో నాకు పేచీ లేదు. భయపెట్టి ఆస్తులు రాయించుకోవడం మీదే కోపం. అరవై దాటిన తల్లిదండ్రులు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) దాకా వస్తే పిల్లలు చట్టపరంగా ఏం చేయొచ్చు? రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటే? పోలీసులు "ఇష్టపడే ఇచ్చారు కదా" అని తిప్పి పంపుతుంటే ఏ సెక్షన్ చూపించాలి?

జవాబు: దస్తావేజు

ముందు ఆస్తి స్వార్జితమా, పిత్రార్జితమా తేల్చుకోండి. దారులు అక్కడే విడిపోతాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం), పాత దస్తావేజుల సర్టిఫైడ్ కాపీలు తీయించండి.

హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో విభజన కాని తన వాటాను ఒక సభ్యుడు మిగతావాళ్ల సమ్మతి లేకుండా దానం చేస్తే చెల్లదు. 1987లో సుప్రీంకోర్టు తమ్మా వెంకట సుబ్బమ్మ కేసులో చెప్పిన మాట ఇది, మన ఆంధ్ర నుంచి వెళ్లిన కేసే. ధర్మకార్యాల కోసం కర్త, అంటే కుటుంబ పెద్ద, కొద్ది భాగం ఇవ్వొచ్చన్న మినహాయింపు ఉంది కానీ, ఉన్న ఒక్క ఇల్లూ అందులోకి రాదు. అలాంటప్పుడు వాటాదారులు పార్టిషన్ (పంపకాల) దావా వేసి, దాంతోపాటే ఇంజంక్షన్, అంటే బదిలీని ఆపే ఉత్తర్వు, అడగొచ్చు.

స్వార్జితమైతే మాత్రం యజమాని బతికుండగా పిల్లలకు హక్కు లేదు. చాలామంది ఇక్కడే పొరబడి సబ్ రిజిస్ట్రార్‌కు అభ్యంతర పత్రం ఇస్తారు, పేపర్లో ప్రకటన వేస్తారు. రాసిచ్చే మనిషి ఎదురుగా నిలబడి "నేనే సంతకం పెట్టాను" అంటే పిల్లల అభ్యంతరం చూసి రిజిస్ట్రార్ ఆపలేడు. ఈ దశలో పనికొచ్చేది పత్రం రూపం మార్పించడమే. "ఇవ్వొద్దు" అనకండి, "వీలునామా రాయండి" అనండి. బతికున్నంత కాలం వీలునామాను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, గిఫ్ట్ డీడ్‌ను ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేరు. ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షన్ ఆ తలుపు దాదాపు మూసేసింది. గిఫ్టే ఇస్తామని పట్టుబడితే రెండు షరతులు రాయించండి: జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు తమదేనని, తిండి, వైద్యం పుచ్చుకున్నవాళ్లే చూడాలని.

ఆ రెండో షరతు చాలా విలువైనది. 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ కన్నపిల్లలకే కాదు, ఆస్తి పుచ్చుకున్న ఎవరికైనా వర్తిస్తుంది. "చివరిదాకా మేమే చూసుకుంటాం" అని రాయించుకుని చూడకపోతే, ఆర్డీవో దగ్గరి ట్రైబ్యునల్‌లో అర్జీ పెట్టి బదిలీని రద్దు చేయించుకోవచ్చు. మాట నోటితోనే ఇచ్చి ఉంటే నిరూపించడం కష్టం, అందుకే పత్రంలోకి ఎక్కించమనేది.

రిజిస్ట్రేషన్ అయిపోయిందా? ఏకపక్షంగా రద్దు పత్రం రాసుకుంటే సరిపోదు, సివిల్ కోర్టు డిక్రీ కావాలి. ఆధారం 1872 కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్, అంటే అనుచిత ప్రభావం. గురుశిష్యుల మధ్య నమ్మకపు సంబంధం ఉందని, ఆ లావాదేవీ మోతాదు మించిందని చూపిస్తే, న్యాయంగానే జరిగిందని రుజువు చేయాల్సిన భారం గురువు మీద పడుతుంది. పరలోకంలో మేలు జరుగుతుందని నమ్మించి ఆస్తంతా రాయించుకున్న గురువు దానపత్రాన్ని అలహాబాద్ హైకోర్టు 1890లోనే కొట్టేసింది. కోర్టు అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: పత్రం ఎవరు తయారు చేయించారు, స్టాంపు డబ్బు ఎవరు కట్టారు, సాక్షులిద్దరూ ఎవరి మనుషులు, దాతకు సొంత లాయరు సలహా దొరికిందా, ఇచ్చింది ఆస్తిలో కొంతా, మొత్తమా. సాక్షులిద్దరూ ఆశ్రమంవాళ్లే అయితే అది మీకు బలం.

ఆలస్యం మాత్రం కొంప ముంచుతుంది. వాస్తవాలు తెలిసిన రోజు నుంచి 3 ఏళ్లలోపు దావా పడాలి. 1887లో ఇంగ్లండ్‌లో ఆల్‌కార్డ్ అనే ఆవిడ మఠానికిచ్చిన ఆస్తి గురించి కోర్టు ఆవిడ వాదనను ఒప్పుకుంది. కానీ మఠం వదిలాక ఏళ్ల తరబడి ఊరుకుంది కాబట్టి ఇప్పించలేదు.

దావా వేయాల్సింది ఇచ్చిన మనిషే. ఆయన చనిపోతే వారసులు. మతిస్థిమితం లేకపోతే కోర్టు అనుమతితో ఆయన తరఫున దగ్గరివాళ్లు. కోర్టు ఫీజు ఆస్తి విలువ మీద ఉంటుంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ 15100.

జవాబు: స్టేషన్ రోడ్డు

పోలీసుల సంగతి నేను చెప్తాను. "మూఢనమ్మకాలు" అని మొదలుపెట్టిన ఫిర్యాదు పక్కకు పోతుంది. తేదీ, మొత్తం, ఏం చెప్పి తీసుకున్నారు, ఎవరి ముందు, ఈ నాలుగూ వరుసగా రాయండి. భారతీయ న్యాయ సంహిత 318(4), మోసం చేసి ఆస్తి రాబట్టడం, 7 ఏళ్ల దాకా శిక్ష, నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిన నేరం. ఇవ్వకపోతే హాని చేస్తామని బెదిరిస్తే 308 కూడా.

దైవాగ్రహం పేరుతో బలవంతపెట్టడానికి విడిగా 354 ఉంది, పాత ఐపీసీ 508. ఇందులో మెలిక ఉంది. "దేవుడికి కోపం వస్తుంది" అంటే చాలదు. "నేను ఫలానాది చేసి నీ మీదికి దైవకోపం తెప్పిస్తాను" అన్నట్టుండాలి. పైగా అది మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరం. అందుకే 318(4)ను ముందు పెట్టి దీన్ని వెనక జోడించండి.

వాట్సాప్ ఆడియోలు, మెసేజ్‌లు ఉంటే ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్లతో పని కాదు, సాక్ష్య అధినియమం 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ కావాలి. అసలు ఫోన్ ఉంటేనే ఆ పని సులువు.

జవాబు: ఊరి డిస్పెన్సరీ

ఆస్తి కంటే ముందు మందులు చూడండి. ప్రార్థనతోనో భస్మంతోనో తగ్గిందని చెప్పి మాన్పించే మందుల్లో మూడు ప్రాణం మీదికి తెస్తాయి. టైప్ 1 షుగర్‌లో ఇన్సులిన్ ఆపితే ఒకట్రెండు రోజుల్లోనే కీటోఎసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాద స్థితి) రావచ్చు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు. టీబీ మందు మధ్యలో వదిలితే మందులకు లొంగని మొండి టీబీగా మారొచ్చు. వీటిలో ఏది జరిగినా వాదన మానేసి ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. గురువును తిడితే పెద్దవాళ్లు వాళ్ల వైపే ఇంకా జరుగుతారు. "పూజ చేసుకో నాన్నా, మాత్ర కూడా వేసుకో" అనడం వల్ల మాట్లాడుకునే దారి తెరిచి ఉంటుంది. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567.

ప్రశ్న: గోదావరి గట్టు

చాలా ఉపయోగపడింది. అందరికీ కృతజ్ఞతలు. గిఫ్ట్ కాకుండా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తమ తరఫున వ్యవహారాలు నడిపే అధికారపత్రం) ఇచ్చి ఉంటే? నగదుగా ఇచ్చిన డబ్బు మాటేమిటి?

జవాబు: దస్తావేజు

జీపీఏ ఇచ్చినవాళ్లు మామూలుగా ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. డబ్బు తీసుకుని ఇచ్చిన జీపీఏ అయితే వేరే లెక్క, లాయరుకు చూపించండి. రద్దు పత్రం రిజిస్టర్ చేయించి, అదే రోజు ఏజెంటుకు (జీపీఏ పుచ్చుకున్న మనిషికి) రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. నోటీసు అందేలోపు అమ్మేస్తే ఆ అమ్మకాన్ని తిప్పడం కష్టం, కాబట్టి వారానికోసారి ఈసీ తీసి చూడండి.

నగదు విషయంలో రసీదు అడగడమే మొదటి అడుగు. 2,000 దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు రాదు. ఒక మనిషి నుంచి ఒక రోజులో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే, తీసుకున్న వాళ్లకు అంతే మొత్తం జరిమానా పడొచ్చు. రసీదు లేకపోతే బ్యాంకు విత్‌డ్రాయల్ తేదీలను ఆశ్రమానికి వెళ్లిన తేదీల పక్కన పెట్టి పట్టిక రాయండి. విదేశీ పౌరసత్వం తీసుకున్న పిల్లలు అమెరికా నుంచి నేరుగా పంపి ఉంటే ఆ సంస్థకు విదేశీ విరాళాల చట్టం కింద ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. అలా రాకపోతే కేంద్ర హోం శాఖకు ఫిర్యాదు పెట్టొచ్చు.