డబ్బు కట్టినవాళ్లే ముందు ఎక్కాలా? చౌక విమానాల అదనపు చార్జీల మీద మీ మాటేంటి?

టవర్‌క్లాక్ (అనంతపురం):
పోయిన వారం మా అమ్మను, ఆరేళ్ల పాపను తీసుకొని ఢిల్లీకి పోయాను. మన ఊళ్లో విమానం లేదు కాబట్టి రాత్రి రెండింటికి ఇల్లు వదిలి, హైవే పట్టుకొని బెంగళూరు ఎయిర్‌పోర్టుకు, దేవనహళ్లికి చేరుకోవాలి. టికెట్ వెతికినప్పుడు తలకు 4,900 అని చూపించింది. డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి సీట్లకు 1,050, కన్వీనియన్స్ ఫీజు అని ఇంకో 1,050, నేను అడగకుండానే టిక్ పెట్టిన ఇన్సూరెన్స్ 600, మొత్తం 17,400 అయింది. ఎవరి కన్వీనియన్సో నాకైతే అర్థం కాలేదు.

సరే, అది వదిలేద్దాం. అసలు కడుపు మండింది గేటు దగ్గర. అమ్మ చేతి సంచి కాటా వేస్తే తొమ్మిది కిలోలు వచ్చింది. ఏడు కిలోలే అన్నారు, రెండు కిలోలకు వెయ్యి పైనే కట్టించుకున్నారు. అందులో ఏముంది, మా చెల్లెలికి చెనక్కాయల పొడి, రాగిపిండి. పక్కనే ప్రయారిటీ లైన్లో ఒకాయన చక్రాల పెట్టె లాక్కుంటూ దర్జాగా పోయాడు, అది మా అమ్మ సంచికి రెండింతలుంది, ఎవరూ కాటా వేయలేదు. ముందు ఎక్కడానికి డబ్బు కడితే పెట్టె బరువు కూడా తగ్గుతుందా? ఇది న్యాయమేనా చెప్పండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
అన్నా, నేను పన్నెండేళ్లుగా టికెట్లు బుక్ చేస్తున్నా, కొంచెం కంపెనీల వైపు కూడా మాట్లాడతా, తిట్టుకోవద్దు. ముందు ఒకటి అడగాలి. ముగ్గురికీ కౌంటర్లో ఇచ్చేసే చెకిన్ బ్యాగ్ తలా 15 కిలోలు ఉంటుంది కదా, పిండి సంచి చేతిలో ఎందుకు పట్టుకున్నారు?

రెండోది, 180 మంది ఎక్కే విమానంలో తలకు 7 కిలోలు అంటేనే 1,260 కిలోలు నెత్తి మీద అరల్లో కూర్చుంటాయి. ఆ అరల్లో అందరి చక్రాల పెట్టెలూ పట్టవు. చివర్లో ఎక్కినవాళ్ల పెట్టెలు కిందికి పంపుతారు, దానికో పది నిమిషాలు. విమానం నేల మీద నిలబడితే డబ్బు రాదు, ఎగిరితేనే వస్తుంది. ప్రయారిటీ అని అమ్మేది ముందు ఎక్కే గౌరవం కాదు, ఆ అరలో జాగా. కావాల్సినవాడు కొంటాడు, అక్కర్లేనివాడు టికెట్ వరకే కట్టి పోతాడు. ఒట్టి చేతులతో పోయేవాడు మీ రాగిపిండి ఖర్చు ఎందుకు మోయాలి? డబ్బు చాలక మునిగినవాళ్లను చూశాం కదా, జెట్ 2019లో ఆగింది, గో ఫస్ట్ 2023లో ఆగింది. విమాన ఇంధనం ఈరోజుకీ జీఎస్టీలోకి రాలేదు, రాష్ట్రానికో పన్ను.

టవర్‌క్లాక్ (అనంతపురం):
చెకిన్ బ్యాగ్ సంగతి ఇప్పుడే చూసుకున్నా. నేను కొన్నది చేతి సంచి మాత్రమే ఉండే టికెట్ అంట. అన్నిటికంటే పైన, తక్కువ ధరతో కనిపించిందని నొక్కేశా. తప్పు నాదే అనుకో, కానీ ఆ ముక్క బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఉంది, మా అమ్మ కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడదు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
అదీ విషయం. 2021 ఫిబ్రవరి నుంచి డీజీసీఏ, అంటే విమాన కంపెనీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, దానికి అనుమతి ఇచ్చింది, లగేజీ లేనివాళ్లకు ధర తగ్గించి అమ్మొచ్చని. తగ్గింపు తీసుకొని లగేజీ తెస్తే కట్టాలి మరి.

ఏడురోడ్లు (కడప):
రిటైరైన మాస్టారిని, కొంచెం పొడుగ్గా రాస్తాను. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్లకు చౌకగా విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజున మన కడప నుంచి హైదరాబాదుకు కూడా విమానం లేచింది, గంట ప్రయాణానికి 2,500 అన్నారు, హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా విమానం ఎక్కాలి అన్నారు. ఎక్కాం, కాదనను. ఆ విమానం నడిపిన కంపెనీ తర్వాత మూతపడింది, అది వేరే కథ. ఇప్పుడు ఆ హవాయి చెప్పులవాడినే ఎక్కించుకొని, మోకాళ్లు చాపుకోవాలంటే ఇంత, కిటికీ పక్కనైతే ఇంత, ముందు వరసైతే ఇంత అని గీసి గీసి అమ్ముతున్నారు. యార్డులో మూటకు తరుగు తీసినట్టుంది నాకు. ధర బోర్డు మీద ఒకటి రాస్తారు, చేతికొచ్చేది ఇంకొకటి.

కౌంటర్లో బోర్డింగ్ పాస్ కాగితం ఇవ్వడానికి కూడా 200 తీసుకునేవాళ్లు, గుర్తుందా? 2022 జూలైలో విమానయాన శాఖ అది కుదరదని చెప్పాకే ఆగింది. అంటే ఎవరూ అడగకపోతే కాగితానికీ బిల్లు వేస్తారు. కర్నూలు తమ్ముడు చెప్పిన 'కావాల్సినవాడు కొంటాడు' అనే మాట నాకు అక్కడే ఎక్కదు. స్మార్ట్ ఫోను సరిగ్గా వాడలేని ముసలివాడికి ఆ కాగితం అవసరమే కానీ షోకు కాదు.

సంగటిముద్ద (కర్నూలు):
దేవుడి దగ్గరే 300 రూపాయల క్యూ ఉంది మాస్టారూ, విమానం దగ్గర ఎందుకుండకూడదు 😀 తిరుమలలో ఎవరూ న్యాయం అడగరే.

అక్కయ్య_గుత్తి (అనంతపురం జిల్లా):
అడగరని ఎవరు చెప్పారు తమ్ముడూ, క్యూ కాంప్లెక్సులో కూర్చొని ప్రతి ఒక్కరూ అడిగేది అదే! కానీ ఒక తేడా ఉంది. ఉచిత క్యూలో పోయినా దర్శనం అదే, చేతికి ఒక లడ్డూ ఉచితంగా ఇస్తారు. 300 కట్టినవాడు టైం కొన్నాడు, అంతే. ఉచిత క్యూలో ఉన్నవాళ్ల కొబ్బరికాయ తూకం వేసి, బరువుందని డబ్బు అడిగి, 300 క్యూ వాళ్లను మాత్రం చూడకుండా వదిలేస్తే అప్పుడు విమానంతో పోల్చు. టవర్‌క్లాక్ అన్న అడిగింది కూడా అదే కదా, ముందు ఎక్కనీయండి కానీ కాటా అందరికీ ఒక్కటే ఉండాలి.

ఇంకొకటి. నాకు ఇద్దరు పిల్లలు. సీటుకు డబ్బు కట్టలేదని నన్ను 8వ వరసలో, నాలుగేళ్ల వాణ్ని 23లో వేశారు ఒకసారి. ఎయిర్ హోస్టెస్ అమ్మాయి వాళ్లనూ వీళ్లనూ బతిమాలి మార్పించింది, టేకాఫ్ దాకా ఒకటే టెన్షన్. 2024 ఏప్రిల్లో డీజీసీఏ చెప్పింది, ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే 12 ఏళ్లలోపు పిల్లలకు అమ్మో నాన్నో ఒకరి పక్కనే సీటివ్వాలని. అన్నా, నువ్వు పాపకు, నీకు సీట్లకు కట్టనవసరమే లేదు. భయపెట్టి అమ్మేది ఇదే.

టవర్‌క్లాక్ (అనంతపురం):
ఇది నాకు తెలీదక్కా. అయ్యో 700 పోయిందే!

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
అక్క చెప్పింది కరెక్టే, నేను కూడా పిల్లలుంటే సీటు పేజీ దాటేయమనే చెప్తా. ఆ పేజీలో స్కిప్ అని ఎక్కడో మూలకు ఉంటుంది, నొక్కితే మిగిలిన సీట్లలోంచి ఉచితంగా ఒకటి వస్తుంది. ఇలాంటివన్నీ ప్యాసింజర్ తనంతట తాను కావాలంటేనే చేర్చాలి, ముందే టిక్ పెట్టి అమ్మకూడదని కూడా రూలుంది. ఇన్సూరెన్స్ టిక్ విషయంలో నేను కంపెనీల వైపు లేను, వెబ్‌సైట్ల వైపూ లేను. కాటా విషయంలోనూ అక్కతో సగం ఒప్పుకుంటా. కొన్ని ప్రయారిటీ ప్యాకేజీల్లో చేతి సంచికి రెండు మూడు కిలోలు ఎక్కువ ఇస్తారు, ఆ చక్రాల పెట్టె ఆయన అది కొని ఉండొచ్చు. లేకపోతే గేటు దగ్గరున్న పిల్లాడు ఓపిక లేక వదిలేశాడు. రెండోదే ఎక్కువ జరుగుతుంది, అబద్ధం ఎందుకు.

డబ్లిన్_నాన్న (ప్రొద్దుటూరు):
మావాడు ఐర్లండులో ఉంటాడు, రెండుసార్లు పోయొచ్చాం. మీరు ఇక్కడ ఏడు కిలోలకు ఏడుస్తున్నారు! అక్కడ రయానెయిర్ అనే చౌక విమాన కంపెనీ రూలు ప్రకారం సీటు కింద పట్టే చిన్న సంచి ఒక్కటే ఉచితం. పైన అరలో పెట్టుకునే పది కిలోల పెట్టె కావాలంటే ప్రయారిటీ కొనాల్సిందే, 2018 నుంచి అంతే. కర్నూలు ఆయన చెప్పినట్టు అక్కడ ప్రయారిటీ అంటే అచ్చంగా పెట్టె టికెట్టే, కాకపోతే అది ముందే చెప్పి అమ్ముతారు.

అయినా గొడవ ఆగలేదు. 2014లో యూరప్ కోర్టు ఒక తీర్పులో చెప్పింది, సబబైన బరువూ కొలతా ఉన్న చేతి సంచి ప్రయాణికుడికి తప్పనిసరి వస్తువు, దానికి వేరే ధర వేయకూడదని. ఏది సబబో కొలతలు చెప్పలేదు, అక్కడే చిక్కు. తర్వాత 2024 నవంబరులో స్పెయిన్ ప్రభుత్వం ఇలాంటి చార్జీల మీద ఐదు చౌక కంపెనీలకు కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. కంపెనీలు కోర్టుకు పోతామన్నాయి. కాబట్టి మన అనంతపురం అన్న గోల చిన్నదేం కాదు, అక్కడా ఇదే పంచాయితీ.

సంగటిముద్ద (కర్నూలు):
అదంతా సరే, అసలు ప్రయారిటీ కొన్నవాడికి ఏం దక్కుతుందో చెప్తా వినండి. పెద్ద ఎయిర్‌పోర్టులో గేటు నుంచి బస్సు ఎక్కిస్తారు కదా. ముందు పంపిన ప్రయారిటీవాడు బస్సులో లోపలికి పోయి నిలబడతాడు. ఆఖర్న పరిగెత్తుకుంటూ ఎక్కిన నాబోటివాడు తలుపు దగ్గర ఉంటాడు. బస్సు ఆగగానే మెట్ల దగ్గరికి ముందు పోయేది నేను! ఇంక మన ఓర్వకల్లు ఎయిర్‌పోర్టులోనైతే చిన్న ఏటీఆర్ విమానం దగ్గరికి నడుచుకుంటూ పోవడమే, తలుపు వెనకాల ఉంటుంది, డబ్బు పెట్టి ముందు వరస కొన్నవాడు విమానమంతా దాటుకొని పోవాలి. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి టవల్ వేసే పద్ధతే వీటన్నిటికంటే నిజాయితీ గలది.

ఏడురోడ్లు (కడప):
టవల్ కూడా బలమున్నవాడిదే నాయనా, నాలాంటివాడు ఎప్పుడూ నిలబడే పోయాడు.

అక్కయ్య_గుత్తి (అనంతపురం జిల్లా):
😂 మాస్టారూ!
అన్నా, ఇంకో మాట. ఎప్పుడైనా ప్రయాణం మానుకుంటే, రిఫండ్ లేని టికెట్ అయినా అందులో ఉన్న ఎయిర్‌పోర్టు యూజర్ ఫీజు, ప్రభుత్వ పన్నులు వెనక్కివ్వాలి. వాళ్లంతట వాళ్లు చెప్పరు, అడగాలి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
టవర్‌క్లాక్ అన్నా, తిరుగు ప్రయాణం ఎప్పుడు? ఆ టికెట్ ఏ రకమో ఒకసారి చూడు. గేటు దగ్గర కంటే ముందే ఆన్‌లైన్లో కొంటే లగేజీ చాలా తక్కువ పడుతుంది.

టవర్‌క్లాక్ (అనంతపురం):
ఆదివారం. చూశా. అదీ చేతి సంచి టికెట్టే, రెండూ ఒకేసారి కొన్నా కదా. చెల్లెలు అమ్మకు దుప్పట్లు రెండు కొనిపెట్టింది, పాపకు సైకిల్ ఇస్తానంటే వద్దని గొడవపడ్డా.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):
ఈ రాత్రికే 15 కిలోలు కొనెయ్.

టవర్‌క్లాక్ (అనంతపురం):
కొన్నా. సీట్ల పేజీ వస్తే మూలకున్న స్కిప్ వెతికి నొక్కా. ఇన్సూరెన్స్ టిక్ తీసేశా. అంతా అయ్యాక, 'మీ అమ్మగారికి ప్రయారిటీ బోర్డింగ్ కావాలా' అన్నట్టు ఇంకో పేజీ తెరుచుకుంది. అమ్మ పక్కనే కూర్చొని, అదేందిరా అనడిగింది. బస్సులో ముందు ఎక్కి వెనక నిలబడేది అని చెప్పా.